ఖాళీ గడి

సుశీల గడ్డపార కడుగుతోంది.

వాకిట్లో నల్లా దగ్గర పీట వేసుకుని, కొంగు నడుములో దోపి, పండగ ముందు ఇత్తడి బిందెలు తోమేంత శ్రద్ధగా పీచుతో రుద్దుతోంది. మొదట ఎర్రగా పోయిన నీళ్లు ఇప్పుడు లేత గులాబీ రంగులో తూములోకి జారుతున్నాయి. తూము జాలీకి నాలుగు వెంట్రుకలు చిక్కుకున్నాయి. సుశీల వాటిని చూసింది. చూసి, కాలి బొటనవేలితో లోపలికి తోసేసింది.

“అమ్మా, కడుగకు.”

గేటు దగ్గర నిలబడ్డ కూతురి వైపు సుశీల తలెత్తలేదు.

“లోపటికి పో, అశ్రితా.”

“గది సైఫ్ నెత్తురే. కడుగొద్దంటున్న.”

“ఎవ్వల నెత్తురైతే ఏంది? వాకిట్ల ఉంచుకుంటరా ఎవలన్న?”

అశ్రిత వంగి నల్లా కట్టేసింది. సుశీల తిప్పింది. అశ్రిత మళ్లీ కట్టేసింది. ఈసారి సుశీల నల్లా జోలికి పోలేదు. చేతిలో ఉన్న తడి పీచును కూతురి మొహం మీద ఈడ్చి కొట్టింది. ఇరవై ఏడేళ్లలో ఆ చెయ్యి అశ్రిత మీద లేవడం అదే మొదలు.

“నా కొడుకును జైలుకు తోలుదామని సూస్తున్నవా? తోడవుట్టినదానివేనా నువ్వు?”

అశ్రిత చున్నీతో మొహం తుడుచుకుంది. చున్నీకి మరక అంటింది. మూడు గంటల కింద ఇదే నెత్తురు జహేదా చిన్నమ్మ చేతుల్లో చూసి వచ్చింది. ట్రాలీ ఆటోలో కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, పగిలిన చోట రెండు అరచేతులూ అదిమిపట్టి, “జల్దీ పోనీ, జల్దీ పోనీ” అంటూ డ్రైవరును వేడుకుంటోంది ఆ తల్లి. సైఫ్ కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు.

ఇంట్లోంచి ఏదో పగిలిన చప్పుడైంది. ఆ వెనకే అన్న అభిలాష్ కేక.

“ఎవ్వలతోని మాట్లాడుతున్నవే అమ్మా? అచ్చిందా అది?”

అభిలాష్ హాల్లో సోఫా మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతికి మోచేయి నుంచి మణికట్టు దాకా కట్టు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు వచ్చి తొమ్మిది కుట్లు వేసి, ఏం జరిగిందని ఒక్క మాటైనా అడగకుండా వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో ప్రశ్నలు అడిగితే ఏమవుతుందో షామీర్‌పేటలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. నాయిన మాజీ సర్పంచ్, కొడుకు కాబోయే సర్పంచ్. మధ్యలో ఉన్న ఆడపిల్ల కంప్యూటరు చదువు చదివింది గనుక ఇంటికి పనికొచ్చింది. లేకపోతే ఆమె ఊసు కూడా ఎవరికీ ఉండేది కాదు.

“ముసలోడు కత్తితోని కోసిండు సూసినవా?” అభిలాష్ కట్టు చూపించాడు. “నరం తెగితే చెయ్యి పోతుండె. గది కనబడదు నీకు. వాని కొడుకు నెత్తురే కనబడ్తది.”

“వాళ్ల తోటల వాళ్లున్నరన్నా. జేసీబీ తీస్కొని పోయింది నువ్వు.”

“ఫోన్ల యాప్ గా పొలం పచ్చగ సూపెట్టింది. పోయిన.”

ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో ఏ తడబాటూ లేదు. అశ్రితకు భయమేసింది అందుకే.

పొద్దున ఏడింటికి లాల్‌గడి మలక్‌పేట్‌లో జలీల్ ద్రాక్షతోటలోకి జేసీబీ దూసుకెళ్లింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షపందిళ్లే. అన్నీ ప్లాట్లయ్యాయి. మిగిలింది జలీల్ నాలుగెకరాలే, అదీ అశ్రిత తండ్రి లక్ష్మణ్ వెంచర్‌కు సరిగ్గా నడుమన. జేసీబీ రాతి కంబాలను ఒకదాని వెంట ఒకటి కూల్చింది. పందిరి తీగలు తెగి కొరడాల్లా గాల్లోకి లేచాయి. మందు కొట్టే డబ్బా వీపున ఉండగానే జలీల్ కొడుకు సైఫ్ పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాడు. అభిలాష్ కిందికి దిగి లాగాడు, తోపులాట అయింది, జలీల్ కొమ్మలు కోసే కత్తితో అడ్డం పడ్డాడు. చెయ్యి తెగగానే అభిలాష్ జేసీబీలో ఉన్న గడ్డపార అందుకున్నాడు. ఒక్క దెబ్బతో సైఫ్ పడిపోయాడు. రెండో దెబ్బ అతను కిందపడిపోయాక కొట్టాడు. ఆ రెండో దెబ్బ సంగతి జలీల్ కూతురు సుమేరా చెప్పింది అశ్రితకు.

గేటు ముందు కారు ఆగింది. లక్ష్మణ్ దిగి, చెప్పులు విడిచి, వాకిట్లో తడిగా మెరుస్తున్న గడ్డపారను దాటుకుని లోపలికి వచ్చాడు. దాన్ని చూడనట్టే వచ్చాడు.

“మంచినీళ్లు ఇయ్యి, సుశీలా.”

సుశీల గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, కూతురికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. పంచాయితీల్లో అవతలివాళ్లు అరిచి అరిచి అలిసిపోయాక నెమ్మదిగా మొదలుపెట్టేవాడు. అందుకే గెలిచేవాడు.

“పోరనికి మేడ్చల్ల ఆపరేషన్ జేస్తున్నరు,” అన్నాడు. “బతుకుతడా లేదా రేపటిదాంక చెప్పలేమంటున్నరు. మధ్యాహ్నం మనం ఠాణాకు పోవాలె. నువ్వు గూడ.”

“నేనెందుకు బాపు?”

“ఒక్కటే మాట జెప్పాలె నువ్వు. యాప్‌ను కొత్త తీరుకు మార్చే మిషన్ ఒకటి నడిపిన, గది దానంతట అదే జలీల్ పొలాన్ని పచ్చగ జేసింది, మాకు తెల్వదు అని. అంతే. మీ అన్న ఫోన్ సూసి పోయిండు. పొరపాటున పోయిండు. కొట్లాట పొరపాటు మీద అయింది. కావాలని పోయిండంటే వేరే కేసు, పొరపాటంటే వేరే కేసు. సమజైతాంది గదా?”

“అబద్ధం బాపు గది.”

“ఏది?”

“మిషన్ జెయ్యలే. మిషన్ అడిగింది.”

లక్ష్మణ్ కనుబొమలు కొద్దిగా లేచాయి. సుశీల వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

ఆరేళ్ల కిందట, ఇంజనీరింగు మూడో ఏడులో ఉండగా, తండ్రి కోసం ఆ యాప్ రాసింది అశ్రితే. అంతకుముందు లక్ష్మణ్ దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. సర్వే నంబరు, రైతు పేరు, ఎన్ని గుంటలు, చివరన ‘సమ్మతి’ అని ఒక గడి. భూమి ఇస్తానన్న రైతు గడిలో లక్ష్మణ్ ‘సరే’ అని రాసేవాడు. ఇవ్వనన్న రైతు గడిలో ‘లేదు’ అని రాసే అలవాటు మాత్రం లేదు. రేపు ఒకే పెళ్లిలో ఒకే బంతిలో కూర్చుని తినవలసినవాళ్లు, కాగితం మీద ‘లేదు’ అని పెట్టించుకుని మొహాలెలా చూసుకుంటారు? అందుకని ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు. ఖాళీ గడి ఉన్న పొలంలో ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. జలీల్ గడి ఆరేళ్లుగా ఖాళీగానే ఉంది. లక్ష్మణ్ నోరు తెరిచి అడగలేదు, జలీల్ నోరు తెరిచి కాదనలేదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు.

యాప్‌లోనూ అశ్రిత అదే మర్యాద పాటించింది. ‘సరే’ ఉన్న పొలం పచ్చగా కనబడుతుంది, ఖాళీ ఉన్నది బూడిద రంగులో. జేసీబీ పచ్చదాంట్లోకే పోవాలి.

“పాత యాప్ కొత్త ఫోన్లల్ల నడుస్తలేదని మొత్తం మార్చిన గదా బాపు,” అంది అశ్రిత. “పాత పద్ధతిల ఏ గడి ఖాళీగున్నా అడిగేటోడు లేకుండె. కొత్త పద్ధతిల గట్ల నడవది. నల్ సేఫ్టీ అంటరు, నల్ అంటె ఖాళీ. ఏది ఖాళీగుండొచ్చు, ఏది ఉండొద్దు, ముందుగాల్నే చెప్పాలె. ఒక్కొక్కటి నేను మార్చుకుంట కూసుంటే ఆర్నెల్లు పడ్తది. గందుకే మొత్తం సదివి మార్చే మిషన్ నడిపిన. గది సమ్మతి గడికాడ ఏం రాసిందో ఎర్కేనా? ‘ఇది ఖాళీగ ఉండొచ్చు’ అని ప్రశ్న గుర్తు వెట్టింది. ఊరోళ్లందరికి తెలిసిన సంగతి దానికి గూడ తెలిసింది.”

“మరి పచ్చగెట్లయింది?”

“పొలం రంగు వేసేకాడ మాత్రం దానికి సమజ్ గాలే. ‘ఈడ ఖాళీ రాదనుకుంటున్న, నువ్వు సూస్కో’ అని గుర్తు వెట్టి వదిలిపెట్టింది. గసుంటివి ఆరువందల జాగలున్నయి. కొన్ని సూసిన. మిగిలినయి సూడకనే ఒప్పుకున్న. గది నా తప్పే, కాదంటలేను. ఖాళీ గడి వచ్చినప్పుడల్ల యాప్ మూస్కపోయింది. జలీల్ చిచ్చా పొలం కాడికి పోంగనే మూస్కపోయింది.”

“మూసుకపోతే పచ్చగెట్లయిందంటున్న.”

అశ్రిత అన్న వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు.”

అభిలాష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“మూడు దినాల కింద ఫోన్ జేసినవ్. జేసీబీ నిలబడ్డది, డ్రైవర్ తిడ్తున్నడు, జల్దీ ఏదో ఒకటి జెయ్యి అన్నవ్. ఖాళీ ఉన్నకాడ ఏం వెట్టాలె అని అడిగిన. ‘సరే అని వెట్టు, అందరు ఒప్పుకున్నోళ్లే’ అన్నవ్. జలీల్ చిచ్చా గూడనా అని అడిగిన. అడిగిన్నా లేదా?”

“అడిగినవ్. ఐతే?”

“‘బాపు మాట్లాడిండు’ అన్నవ్.”

 అశ్రిత తండ్రి వైపు చూసింది. ఆయన ఖాళీ గ్లాసును స్టూలు మీద అటు జరిపాడు, ఇటు జరిపాడు. నేను మాట్లాడలేదని అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అవును మాట్లాడానని అన్నా బాగుండేది. ఆయన ఏమీ అనలేదు.

“ఒక్క ఫోన్ జేసి నిన్ను అడుగుతే అయిపోతుండె,” అంది అశ్రిత. “అడుగలే నేను. అన్న మాట నమ్మిన. ఒక్క లైను రాసిన. ఖాళీ ఉంటె సరే అనుకో, అని. గా ఒక్క లైను మీదికెల్లి పోయింది జేసీబీ. గందుకే మిషన్ అని చెప్ప నేను. రాసింది నేను, రాయించింది అన్న. గదే చెప్త.”

సుశీల నోట్లో కొంగు కుక్కుకుంది.

అభిలాష్ లేచాడు. నిదానంగానే లేచాడు. బయటికి వెళ్లి గడ్డపారతో తిరిగి వచ్చాడు. దాని కొస నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఏం చేస్తాడో ముగ్గురికీ అర్థమయ్యేలోపే భోజనాల బల్ల మీదున్న అశ్రిత ల్యాప్‌టాప్ మీద మొదటి దెబ్బ పడింది. మూత రెండు ముక్కలైంది. మీటలు గచ్చు మీద చిల్లపెంకుల్లా చెల్లాచెదురయ్యాయి.

“ఇగ చెప్పు! ఏం సూపెడ్తవో సూపెట్టు!”

“అన్నా, పిచ్చోనివా? గది పగులగొడితే ఏమైతది? రాసిన కోడ్ అంత వేరే కాడ పదిలంగుంటది. ఎవ్వలడిగినా తీసి సూపెడ్త.”

ఆ మాట అనకుండా ఉండవలసింది. అన్నాక ఆమెకూ తెలిసింది. అభిలాష్ రెండో దెబ్బ బల్ల మీదికే ఎత్తాడు, కానీ అక్కడ ఆమె చెయ్యి ఉంది. తీసుకునే వ్యవధి ఉందో లేదో, అతనికి ఆపుకునే వీలుందో లేదో, తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అశ్రితకు తేలలేదు. కుడిచేతి చివరి రెండు వేళ్లూ చితికిన చప్పుడు మాత్రం ఆమె చెవులకు స్పష్టంగా వినబడింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. వచ్చి, మోకాళ్ల మీద కూలబడేసింది.

“సాలు,” అన్నాడు లక్ష్మణ్.

అరవలేదు. కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. సంతలో బేరం తెగినప్పుడు అనేటట్టు అన్నాడు.

సుశీల పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. వేళ్లను చూసి, కొడుకు వైపు చూసి, మళ్లీ వేళ్లను చూసింది. పొద్దుటి నుంచి కడిగి కడిగి తెల్లబడ్డ ఆమె చేతుల మీద ఇప్పుడు ఇంకొక నెత్తురు పడింది. “అయ్యో బిడ్డా,” అని ఒక్కటే అని, తన పాత చీర చింపి వేళ్లకు చుట్టసాగింది. చుడుతూ చెవిలో, “ఒప్పుకో. నీ కాళ్లు మొక్కుత. ఒప్పుకో,” అంది.

“ఒప్పుకోనమ్మా.”

లక్ష్మణ్ అప్పుడు లేచాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పెట్టినట్టే.

“సరే. నీ ఇష్టం బిడ్డా,” అన్నాడు. “నేను ఠాణాకాడికి పోయొస్త.”

కారు వెళ్లిపోయింది. తండ్రి ఇంత తేలిగ్గా వదిలేస్తాడని అశ్రిత అనుకోలేదు. ఆయన మీద ఒక్క క్షణం ప్రేమ కూడా పుట్టుకొచ్చింది, పిచ్చిపిల్లకు.

ఆస్పత్రికి పొమ్మని సుశీల కూతురి చేతిలో వందరూపాయల నోట్లు కుక్కింది. అశ్రిత ఆటో ఎక్కి లాల్‌గడి మలక్‌పేట్ పోనిమ్మంది. ఠాణాలో చెప్పే ముందు ఆ మాట జలీల్ చిచ్చా ముందు చెప్పాలి. లేకపోతే అన్నం నోట్లోకి పోదు. చితికిన చెయ్యి ఆటో కుదిపినప్పుడల్లా ప్రాణం తోడేస్తోంది. ఆ నొప్పి తనకు తగినదేనని ఆమె అనుకుంది, అనుకున్నా ఏడుపు ఆగలేదు.

తోట దగ్గర ఎండ దంచుతోంది. సగం పందిరి నేలమట్టమై, నలిగిన గుత్తుల మీద ఈగలు, కందిరీగలు ముసిరాయి. పచ్చికాయల పులుపు వాసన గాలి నిండా ఉంది. జేసీబీ ఇంకా తోట మధ్యనే నిలబడి ఉంది, డ్రైవరు వదిలేసి పారిపోయాడు. జలీల్ విరిగిన రాతికంబం మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ మీద, బనీను మీద ఎండిన నెత్తురు. కొడుకుతో ఆస్పత్రికి వెళ్లకుండా ఎందుకు ఇక్కడున్నాడంటే, తాను లేస్తే మిగిలిన సగం కూడా కూల్చేస్తారని.

సుమేరా దూరం నుంచే చూసింది. చూసి, పరుగెత్తుకొచ్చి అశ్రిత జుట్టు పట్టుకుంది.

“ఎందుకొచ్చినవే? చచ్చిండా లేదా సూడనీకి వచ్చినవా?”

ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బస్సులో మేడ్చల్ పోయి చదువుకున్నవాళ్లు. సుమేరా ఆమెను జుట్టుతో ఈడ్చి రాతికంబానికేసి కొట్టింది. అశ్రిత నుదురు చిట్లింది. సుమేరా మళ్లీ కొట్టింది. అశ్రిత చెయ్యి అడ్డం పెట్టలేదు. కిందపడ్డాక కడుపులో తన్నింది, వీపు మీద తన్నింది, చివరికి తనే ఆయాసపడి పక్కన కూలబడి బోరున ఏడ్చింది.

“ఇడువు సుమేరా,” అన్నాడు జలీల్, అంతా అయ్యాక. “లే బిడ్డా. చెప్పేదుంటె చెప్పి పో.”

అశ్రిత లేచి కూర్చుంది. నుదుటి నుంచి కారేది కంట్లో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ చెప్పింది. మిషన్ ప్రశ్న గుర్తు పెట్టిన సంగతి, ఫోను సంగతి, ఒక్క లైను సంగతి, అన్నీ. తన తప్పు దగ్గర ఒక్క మాట కూడా తగ్గించుకోలేదు.

జలీల్ నలిగిన గుత్తి ఒకటి ఏరి పక్కన పెట్టాడు.

“ఖాళీ ఉంటె అడుగాలెనని మిషన్‌కు తెల్సింది అంటవ్,” అన్నాడు. “ఆరేండ్లు లచ్చన్న నా ఇంటికొచ్చి చాయ్ తాగిండు. రంజాన్‌కు అచ్చిండు, పెండ్లిళ్లకు అచ్చిండు. ఒక్కసారన్న అడుగుతే నేను చెప్తుంటి గదా, ఇయ్యనని. గంతే గదా. ఏం మునుగుతుండె నీ అయ్యకు?”

జలీల్ జవాబు కోసం ఆగలేదు.  అరవై ఏళ్ల మనిషి, లేచి, కంబం విరిగిన ముక్క ఒకటి రెండు చేతులా ఎత్తాడు. ఆమె కళ్లు మూసుకుంది. జలీల్ ఆమెను దాటుకుని పోయి ఆ రాయిని జేసీబీ అద్దం మీదికి విసిరాడు. అద్దం భళ్లున రాలింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ కొట్టాడు. తలుపు మీద, చక్రం మీద, ఇనుప తొండం మీద కొట్టాడు. రాయి ఇనుమును ఏం చేస్తుంది? అతని అరచేతులే చీలి రక్తం కారాయి. “అబ్బా, బస్ కరో,” అని సుమేరా తండ్రి నడుము పట్టి వెనక్కి లాగుతున్నా ఆగలేదు. కొడుకు పేరు పెట్టి ఒక్కొక్క దెబ్బా కొట్టాడు.

పోలీసు బండి వచ్చి ఆగేదాకా కొడుతూనే ఉన్నాడు.

బండిలోంచి మహిళా కానిస్టేబుల్ ఒకామె దిగింది. ఛాతీ మీద పేరు ఆమని అని ఉంది. తోటను, పగిలిన జేసీబీని, నెత్తుటి చేతుల ముసలాయనను వరుసగా చూసి, అశ్రిత దగ్గర ఆగింది.

“అశ్రిత అంటే నువ్వేనా? మీ ఇంటికి పోయినం, ఈడికొచ్చినవన్నరు. నడువు, ఠాణాకు రావాలె.”

“వద్దామనే ఉన్న మేడం. చిచ్చాకు చెప్పి పోదామని వచ్చిన.”

“నీతోని సాక్ష్యం గాదమ్మా. నీ మీద ఫిర్యాదు ఉన్నది.”

“నా మీదనా? ఎవరిచ్చిండ్రు? అన్ననా?”

“మీ నాయిన.”

సుమేరా ఏడుపు ఆగిపోయింది. జలీల్ చేతిలోని రాయి కిందికి జారింది.

“ఏదో తప్పు పడ్డట్టున్నది మేడం,” అంది అశ్రిత. “మా బాపు గట్ల రాయడు.”

ఆమని ఫైలులోంచి జిరాక్స్ కాగితాలు రెండు తీసింది. కటువైన మనిషేమీ కాదు, ఆ పిల్ల నుదురు చూసి కాస్త నెమ్మదిగానే చదివింది.

“‘నా కుమార్తె అశ్రిత, నాకు గాని నా కుమారునికి గాని తెలియకుండా, తన సొంత నిర్ణయంతో యాప్‌ను మార్చి, జలీల్ పొలమును సమ్మతి ఇచ్చిన పొలముగా చూపినది. దానిని నమ్మి నా కుమారుడు పనులు మొదలుపెట్టినాడు. జరిగిన, జరగబోవు దానికి ఆమెయే బాధ్యురాలు.’ కింద మీ నాయిన సంతకం. బాండు పేపర్ మీద రాయించి, నోటరీ జేయించి మరీ ఇచ్చిండు.”

 తల మీద పెట్టిన చెయ్యి, ‘నీ ఇష్టం బిడ్డా’ అన్న గొంతు, ఇంకా అశ్రితను వదల్లేదు. ఇంట్లో కూర్చోబెట్టి బతిమాలినప్పుడు ఆయన జేబులో ఈ కాగితం ఉందన్నమాట. అన్నను కాపాడే దారులు రెండు సిద్ధం చేసుకున్నాడు. తను మొదటిది కాదంటే రెండోది తీశాడు. నిన్ను బలిపెడతానని ఒక్క మాట ఆమెకు చెప్పలేదు.

“ఇంత జల్దీ బాండు పేపర్ కొని, టైపు గొట్టించి, నోటరీ జేయించిండా?” సుమేరా చెయ్యి చాపింది. “ఇటియ్యుండ్రి మేడం.”

సుమేరా మేడ్చల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణంలో పనిచేస్తుంది. రోజుకు వంద బాండు పేపర్లు ఆమె చేతుల మీదుగా పోతాయి. ఎవరేం రాసుకున్నారో ఆమె చదవదు. స్టాంపు అమ్మినాయన కాగితం వెనక రాసే రాతనే ముందు చూస్తుంది, అది సరిగ్గా పడకపోతే కాగితం చెల్లదు. ఇప్పుడూ అలవాటు ప్రకారం ముందు పేజీ వదిలేసి రెండో పేజీ తిప్పింది.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

“మేడం, ఇయ్యాల తారీఖెంత?”

“ఇరవై.”

“స్టాంపు కొన్నది పంతొమ్మిది. మనిషి పేరు లక్ష్మణ్. నోటరీ ముద్ర గూడ పంతొమ్మిదే.”

ఆమని కాగితం వెనక్కి తీసుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, రెండుసార్లు చూసింది. ఫైలు మూసి చంకలో పెట్టుకుంది.

జలీల్ కూలిన పందిరి వైపు తిరిగాడు. నిన్న ఈ వేళకు ఈ కంబాలన్నీ నిలబడి ఉన్నాయి. నిన్న ఈ వేళకు సైఫ్ ఈ నీడలో కూర్చుని సద్ది తిన్నాడు.

“నిన్ననే రాసిపెట్టుకున్నడా, లచ్చన్న,” అన్నాడు. ఎవరినీ అడగలేదు. తనలో తను అనుకున్నాడు.

అశ్రితకు నిన్న సాయంత్రం గుర్తొచ్చింది. బాపు మేడ్చల్ నుంచి వేడివేడి జిలేబీ తెచ్చాడు. నీకిష్టమని తెచ్చిన అని పొట్లం విప్పి, మొదటి ముక్క తుంచి తన నోట్లోనే పెట్టాడు. ఈ ఎండల మేడ్చల్ ఎందుకు పోయినవ్ బాపు, అని అడిగింది తను.

చిన్న పనుండె బిడ్డా, అన్నాడు ఆయన.